దొర మాట మార్చి చెప్పాను

మద్రాసు పక్క తిరువొత్తియూరు ఫ్యాక్టరీలో నేను ఫిట్టర్ని, అక్కడి ఫుట్‌బాల్ టీములో హాఫ్‌బ్యాక్‌ని. పందొమ్మిది వందల యాభైల్లో కొత్త యంత్రాలు బిగించడానికి జర్మనీ నుంచి ఒక దొర వచ్చాడు. వాళ్ళ దేశంలో ఆయనా హాఫ్‌బ్యాకేనంట. మంచి వయసంతా యుద్ధానికీ ఖైదుకీ పోయింది. తిరిగొచ్చి నాలుగేళ్ళు ఆడేసరికి మోకాలు దెబ్బతింది. తర్వాత అదే టీముకి కొన్నాళ్ళు అసిస్టెంటు కోచ్‌గా చేశాడు. ఆ సంగతి తెలిసి, మా టీముకి కోచ్‌గా ఉన్న మేనేజరు ఆయన్ని తనకి సాయం పెట్టుకుని, ఎవరు ఆడాలన్నది ఆయనకే వదిలేశాడు.

ఆటగాళ్ళలో ఆయన ముక్కల ఇంగ్లీషు అర్థమయ్యేది నాకొక్కడికే. అరవంలోనో తెలుగులోనో మిగతావాళ్ళకి నేనే చెప్పేవాణ్ణి. ఆ పెత్తనం నాకు బాగా రుచించింది.

కప్పు ఫైనల్ నాటి పొద్దున నన్ను పక్కకి పిలిచాడు.

"నిన్నటి సెమీఫైనల్ నుంచి కుంటుతున్నావు. నీ చోట వెల్డరు ఆడతాడు. అతనికి చెప్పు."

ప్యాంటు పైకి లాగి తన మోకాలి మీది కుట్ల మచ్చ చూపించాడు. "నీకిది వద్దు."

వెల్డరు సముద్రపొడ్డున జాలర్ల కుప్పం మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి. రెండేళ్ళుగా బయట కూర్చుని మా ఆట చూస్తున్నాడు. నేను రాగానే ఎదురొచ్చాడు.

"ఏమన్నా, దొర ఏమంటా ఉండాడు?"

"నిన్నటి టీమే అంట. మార్పేం లేదంట."

"సరేలే, నువ్వుండావు గదా," అని నా మోకాలికి కట్టు వాడే కట్టాడు.

సాయంత్రం నేను గ్రౌండులోకి దిగడం చూసి, మేనేజరు పక్కన కూర్చున్న దొర లేచి నిలబడ్డాడు. అప్పటికే విజిల్ మోగింది. ఆట మధ్యలో మనిషిని మార్చే పద్ధతి ఆ రోజుల్లో లేదు. రెండో సగంలో నా కాలు లేవలేదు. అవతలివాళ్ళు కొట్టిన రెండు గోల్సూ నన్ను దాటుకునే పోయాయి, కప్పు పోయింది.

"కుంటివాణ్ణి ఎవరు ఆడించింది?" మేనేజరు అందరి ముందూ అరిచాడు.

దొర నా వైపు చూశాడు. అంతా తెలిసిపోయిన చూపు అది.

"తప్పు నాది," అన్నాడు.

మర్నాటి నుంచి ఆయన్ని గ్రౌండుకి రావద్దన్నారు.

ఒప్పేసుకుందామని వారం తర్వాత ఆయన క్వార్టర్స్‌కి వెళ్ళాను. ఆయన నన్ను కూర్చోబెట్టి, నా మోకాలు బొటనవేలితో నొక్కి చూసి, "మూడు నెలలు ఆట లేదు," అన్నాడు. క్షమించమనడానికి ఎంత ఇంగ్లీషు కావాలి? "థాంక్యూ సార్," అని బయటపడ్డాను.

ఆ ఏడే ఆయన ఓడెక్కి వెళ్ళిపోయాడు. మా టీము మళ్ళీ ఫైనల్‌కి చేరలేదు. వెల్డరుకి ఇప్పటిదాకా నేను ఏమీ చెప్పలేదు.