ఇంటి దిష్టి, చెల్లెలి కత్తి

మీ ఇంట్లో మీకంటే ఎక్కువ గెలిచే మనిషిని చూసి కడుపు మండినప్పుడు, ఆ సంగతి ఎప్పుడైనా పైకి చెప్పారా? నేను చెప్పాను. చెప్పకపోతే నా చెల్లెలు ఆ రోజు బస్సెక్కేది కాదు.

మాది ఉదయగిరి దగ్గర పల్లె. మేకలూ గొర్రెలూ లాంటి జీవాలు, కాస్త మెట్ట చేను. మా ఇంట్లో క్రికెట్ ముందు ఆడింది నేను. కొండ కింది బయల్లో ఆడుతూ, బంతులు ఏరడానికి చెల్లెల్ని వెంట తీసుకుపోయేవాణ్ణి. ఒకసారి మనిషి తక్కువైతే ఆమె చేతికి బ్యాటిచ్చి, ముందుకాలు బాగా చాచి కొట్టమని నేర్పాను. ఆ కాలు చాచడం నాకంటే ఆమెకే బాగా వచ్చింది. కొన్నేళ్లకు ఆమె జిల్లా జట్టులో ఉంది. నేను ఆమె సంచీ పట్టుకుని గేటు బయట ఉన్నాను.

అది చాలదన్నట్టు, ఆత్మకూరులో కాలేజీలో చేరాక వ్యాయామ మాస్టారు ఆ కాలు చాచే తీరు చూసి ఆమె చేతికి కత్తి ఇచ్చాడు. మొన మొద్దుగా ఉండే సన్నని కత్తి, ముఖానికి జాలీ మాస్కు, తెల్ల కోటు. ముందుకు దూకి ఎదుటి మనిషిని మొనతో తాకితే పాయింటు. నేను నేర్పిన కాలే! అందులోనూ జిల్లాకు ఆమే ఫస్టు. రెంటిలో ఒక ఆటైనా రాకుండా ఉండుంటే నాకు ఆమె మీద ఇంకాస్త ప్రేమ మిగిలేది.

ఆ ఆట పేరు ఫెన్సింగ్. మా వైపు ఫెన్సింగ్ అంటే అడవి పందులు రాకుండా చేని చుట్టూ లాగే ముళ్లతీగ. పతకంతో ఊళ్లో దిగిన రోజు ఎదురింటి పెదనాయన నిజంగానే అడిగాడు.

"ఫెన్సింగ్‌లో ఫస్ట్ వచ్చినావంటనే. మా శెనక్కాయ చేనికి ఒక పక్క అట్నే మిగిలి ఉండాది. ఎప్పుడొస్తావమ్మా?"

అందరూ నవ్వారు. అందరికంటే ఎక్కువసేపు నేను నవ్వాను. నా నవ్వు ఆగేదాకా చూసి ఆమె అంది: "వస్తాలే పెదనాయనా. రాళ్లు మోసేదానికి మా అన్నను తీసుకొస్తా." ఈసారి ఊరంతా ఆమె మాటకు నవ్వింది.

అప్పటికే నేను సభల్లో మాట్లాడుతున్నాను. ఆత్మకూరు, దుత్తలూరు, మైకు ఎక్కడ దొరికితే అక్కడ. దిష్టి లేదు, చేతబడి లేదు, ఆడామగా సమానం అని గొంతు చించుకునేవాణ్ణి. సమానమనే అన్నాను. నన్ను మించమని ఏ సభలోనూ అనలేదు.

ఫెన్సింగ్‌లో రాష్ట్ర జట్టు ఎంపికలు దగ్గర పడ్డాక, క్రికెట్ మ్యాచిలో ఆమె చీలమండ బెణికింది. ఆత్మకూరు డాక్టరు కట్టు కట్టి తగ్గిపోతుందన్నాడు. తగ్గింది, ఆడుకోవచ్చన్నాడు కూడా. మా అవ్వ మాత్రం ఒప్పుకోలేదు. ప్రయాణం నాటి పొద్దున ఉప్పూ మిరపకాయలూ ఆమె చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది. మిరపకాయల ఘాటు రాలేదు. ఘాటు రాకపోతే గట్టి దిష్టి తగిలినట్టు లెక్క. పొయ్యిలో నిప్పు సగం ఆరి ఉండటం నేను చూశాను, అవ్వ చూడలేదు. బయటోళ్ల దిష్టయితే ఎప్పుడో పోయేదనీ, ఇది ఇంటి దిష్టేననీ తేల్చేసింది. నాయన సంచీ తీసి లోపల పెట్టాడు.

"ఈసారికి వద్దులేమ్మా. కళ్లు పడినాయి."

చెల్లెలు ఏడవలేదు. నా వైపు చూసింది, అంతే.

నేను నోరు మూసుకుంటే చాలు. ఇన్నేళ్లు నేను కోరుకున్నది జరిగిపోతుంది. కానీ ఆమెను ఓడించాలని చూసి చూసి ఓడిపోయింది నేను. నా వల్ల కానిది గుప్పెడు మిరపకాయలు చేస్తాయా? ఆ ఉక్రోషమే నా చేత మాట్లాడించింది.

"అవ్వా, ఇంటి దిష్టి అంటే అది నాదే. ఈ ఇంట్లో దీన్ని చూసి కుళ్లుకునేది నేనే. ఓడిపోవాలని ప్రతి మ్యాచీ కళ్లార్పకుండా చూస్తానే ఉండాను. ఇది గెలుస్తానే ఉండాది. నా కంటికి బలముంటే ఇది ఈపాటికి మేకలు తోలుకుంటా ఉండేది."

మళ్లీ దిష్టి తియ్యడానికి ఉప్పు తీసుకున్న అవ్వ నా వైపు తిరిగింది. "ఏందిరా నువ్వు, సొంత చెల్లెలి మీదనా?"

"నాకెప్పుడో తెలుసులే అవ్వా," అంది చెల్లెలు. "అన్న అట్టా చూస్తా ఉంటేనే నాకు బాగా ఆడబుద్ధయ్యేది."

నాయన లోపలికి వెళ్లి సంచీ తెచ్చాడు. ఆమెకు ఇవ్వలేదు, నా చేతిలో పెట్టాడు. "అయితే నువ్వే మొయ్యి."

మోశాను. ఆమె రాష్ట్ర జట్టులోకి వెళ్లింది. ఇప్పుడు సభల్లో నన్ను ఆమె అన్నగా పరిచయం చేసి మైకు ఇస్తారు. ఇప్పటికీ మండుతుంది.

కుళ్లుకోండి, ఎవరొద్దన్నారు? కానీ దానికి దిష్టి అని పేరు పెట్టి ఇంటి పిల్లను గడప లోపల కూర్చోబెట్టకండి. ఆ పొయ్యి ఆర్పండి. ఆమె సంచీ మీ భుజాన వేసుకుని, పొద్దుటి బస్సు ఎక్కించి రండి.