పిలవకుండా వచ్చినవాళ్లు

అరిల్యే ఊళ్లో మిలోయె గురించి ఎవరినడిగినా మంచి మాటే చెబుతారు. రాస్ప్‌బెర్రీ పళ్లు దాచే కోల్డ్ స్టోరేజీలో మేస్త్రీ అతను. పళ్ల కాలంలో రైతులతో మాట తూలడు, తూకంలో మోసం చేయనివ్వడు. పొరుగింటి పైకప్పు కారుతోందంటే నిచ్చెన భుజాన వేసుకుని తనే బయలుదేరతాడు. ఇంత మంచివాడికి ఒక్కటే జబ్బు. నలుగురిలో తల దించుకోవలసి వస్తుందంటే చాలు, ఒళ్లు చచ్చుబడిపోతుంది. ఆ జబ్బు అతనికి ముందునుంచీ ఉన్నదే గానీ, కూతురు పుట్టాక ముదిరింది.

కూతురి పేరు దూన్యా. తొమ్మిదేళ్ల పిల్ల. మాటలు రాలేదు. మనసు బాగుంటే గొంతులోనే ఒక రాగం తీస్తూ ఉంటుంది. సంతోషం పట్టలేకపోతే చేతులు రెండూ గాల్లో ఆడిస్తూ ఉన్నచోటనే గెంతుతుంది. ఏ పనైనా మొదటిసారి ఎలా జరిగిందో ఎప్పుడూ అలాగే జరగాలి. బ్రెడ్డు మీద ముందు వెన్న, తర్వాతే జామ్. తారుమారైతే ఇల్లు ఎగిరిపోయేలా ఏడుస్తుంది. ఆటిజం అని బెల్‌గ్రేడ్ డాక్టర్లు పేరు చెప్పి పంపారు. పేరైతే చెప్పారు గానీ, దాన్ని వెంటబెట్టుకుని బజారులో ఎలా నడవాలో మాత్రం చెప్పలేదు.

ఆ సంగతి చెప్పే చోటు ఒకటి ఊళ్లోనే ఉందని భార్య రద్మిలా కనుక్కుంది. బుధవారం సాయంత్రాలు ఆరోగ్య కేంద్రం మేడ మీద ఇలాంటి పిల్లల తల్లిదండ్రులు కూర్చుంటారు. బిసెర్కా అనే సైకాలజిస్టు కాఫీ కాస్తుంది, వాళ్లచేత మాట్లాడిస్తుంది. వైద్యం పిల్లలకు కాదు, పెద్దవాళ్లకు. మిలోయె భార్యను కారులో దింపేవాడు గానీ, లోపలికి వెళ్లేవాడు కాదు. కారు కూడా అక్కడ ఆపేవాడు కాదు. రెండు వీధులవతల టైర్ల షాపు ముందు ఆపుకుని, ఎవరైనా చూస్తే టైరు మార్పించడానికి వచ్చానన్నట్టు ముఖం పెట్టేవాడు. ఆ శీతాకాలం అతని కారుకు మారని టైరు లేదనుకోవాలి జనం.

ఒక సాయంత్రం మంచు పడుతూ ఉంటే ఎవరో కారు అద్దం మీద కొట్టారు. తలుపంత వెడల్పున్న మనిషి. మాంసం కొట్టు తిహోమిర్. అతని కొడుకు ఒగ్న్యెన్‌కు పదహారేళ్లు, వాడికీ ఆటిజమే.

"ఏం తమ్ముడూ, ఇక్కడే గడ్డకట్టి చద్దామనా? పళ్లతో పాటు నిన్నూ ఫ్రీజరులో పెట్టేస్తారు. దిగు, దిగు."

"మా ఆవిడ కోసం చూస్తున్నా."

"చూడు. మా అందరితో మేడ మీద కూర్చుని చూడు. అక్కడ హీటరుంది."

మిలోయె వెళ్లాడు. కొన్ని వారాలు నోరు విప్పలేదు. కాఫీ తాగాడు, బూట్ల వంక చూసుకున్నాడు. ఒకరోజు ఎవరూ అడగకుండానే అనేశాడు. "దూన్యా అంటే నాకు ప్రాణం. కానీ బజారులో దాని చెయ్యి పట్టుకోవాలంటే సిగ్గేస్తుంది. ఇన్నేళ్లలో ఒక్కసారీ పట్టుకోలేదు." అన్నాక చెవులు ఎర్రబడ్డాయి. ఎవరూ ఛీకొట్టలేదు. ఒకావిడ అతని కప్పులో మళ్లీ కాఫీ పోసింది.

బిసెర్కా మాత్రం ఇలా అంది. "సిగ్గుపడితే ఇక్కడెవరూ ఉరి తీయరు, మిలోయె గారూ. కాకపోతే మీ సిగ్గుకు ఆ పిల్ల ఏం చెల్లిస్తోందో ఒకసారి చూసుకోండి."

చూసుకుంటానని తలూపాడు. చూసుకోలేదు.

ఆ రోజు మెట్లు దిగుతూ తిహోమిర్ మాటవరసకు అడిగాడు. "మీ ఇంటి స్లావా ఎప్పుడు?"

"సెయింట్ నికోలా రోజున," అని మిలోయె చెప్పేసి నాలుక కరుచుకున్నాడు. స్లావా అంటే ఇంటిని కాచే సెయింటు పండగ. దానికి ఎవరినీ పిలవరు. తేదీ తెలిసినవాళ్లు వస్తారు, వచ్చినవాళ్లను గుమ్మంలో నిలబెట్టి మాట్లాడకూడదు. అంచేత ఆ దేశంలో స్లావా ఎప్పుడో చెప్పడమంటే తలుపు తీసిపెట్టడమే.

మిలోయె భయానికి కారణం ఉంది. అతను స్లావా బ్రహ్మాండంగా చేస్తాడు. కోల్డ్ స్టోరేజీ యజమాని వస్తాడు, వీధి వీధంతా వస్తుంది. కానీ ఏటా ఆ ఉదయం, ఫాదరు సాంబ్రాణి వేసి ఇల్లు దీవించి వెళ్లగానే, రద్మిలా అక్క జగోర్కా కారులో వచ్చి దూన్యాను చాచాక్‌లోని తన ఇంటికి తీసుకుపోతుంది. అడిగినవాళ్లకు "పెద్దమ్మ ఇంటికి వెళ్లింది, మారాం చేస్తేనూ" అని చెబుతాడు. మూడేళ్ల వయసు నుంచీ దూన్యా తన ఇంటి స్లావా చూడలేదు.

ఈ ఏడు జగోర్కా కాలు విరిగి కట్టుతో పడుకుంది.

"పోనీలే, ఈసారికి దాన్నీ ఉండనిద్దాం," అంది రద్మిలా.

"మా యజమాని ద్రాష్కో గారు వస్తారు. అంతమంది ముందు అది గెంతడం మొదలుపెడితే?"

"గెంతితే గెంతుతుంది. నేల విరిగి పడుతుందా?"

పండగ ముందురోజు మిలోయె మేడ మీద దూన్యా గది తలుపుకు బయటివైపు ఒక చిన్న గడియ బిగించాడు. రద్మిలా బట్టల బుట్టతో వచ్చి ఆ గడియ చూసింది. "కోళ్లగూటికైనా ఇంతకంటే పెద్దది పెడతారు," అని వెళ్లిపోయింది.

పండగనాడు ఫాదరు వచ్చి రొట్టె కోసి, దీవించి వెళ్లాడు. మైనపు వత్తి వెలిగింది. దూన్యాను పైన బొమ్మల సినిమా పెట్టి కూర్చోబెట్టి గడియ వేశారు. మధ్యాహ్నానికి అతిథులు రావడం మొదలైంది. గుమ్మంలోనే రద్మిలా తీపి గోధుమల గిన్నె పట్టుకుని నిలబడింది. వచ్చినవాళ్లు తలొక చెంచా నోట్లో వేసుకుని లోపలికి వస్తున్నారు. ఉపవాస కాలం గనక మాంసం లేదు, అన్నీ చేపలే. ఇంటి యజమాని స్లావా రోజున కూర్చోకూడదు. మిలోయె రాకియా సారా సీసా చేత్తో పట్టుకుని నిలబడే తిరుగుతున్నాడు. బల్ల మొదట్లో అతని కూమ్ స్తానోయె కూర్చున్నాడు. కూమ్ అంటే చుట్టం కంటే ఎక్కువ. మిలోయె పెళ్లికి సాక్షి, దూన్యా బాప్తిస్మంలో పిల్లను ఎత్తుకున్నవాడు. పక్కన కోల్డ్ స్టోరేజీ యజమాని ద్రాష్కో. అంతా సవ్యంగానే సాగుతోంది.

అప్పుడు గంట మోగింది. గుమ్మంలో తిహోమిర్, భార్య, కొడుకు. చేతిలో వైను సీసా.

"పండగ శుభాకాంక్షలు తమ్ముడూ!" అని తిహోమిర్ అతని బుగ్గల మీద మూడు ముద్దులు పెట్టాడు. మిలోయె ముఖంలో నెత్తుటి చుక్క లేదు. రద్మిలాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. ఒగ్న్యెన్ గోధుమలు ఒక చెంచా తిన్నాడు, రుచి నచ్చి ఇంకోటి, ఆపైన మరోటి తిన్నాడు. చెవులకు చప్పుడు వినబడకుండా పెద్ద హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ముందుకూ వెనక్కూ ఊగుతూ నిలబడ్డాడు.

"ఎవరోయ్ వీళ్లు?" అన్నాడు ద్రాష్కో.

ఒక్క మాట చాలు అక్కడ. మా స్నేహితులు అంటే సరిపోయేది. మిలోయె "మా మాంసం కొట్టాయనండీ," అన్నాడు.

"చేపల పండక్కి మాంసం కొట్టాయనా!" అని ద్రాష్కో పగలబడి నవ్వాడు. బల్లంతా నవ్వింది.

తిహోమిర్ ఒక్క క్షణం మిలోయె ముఖంలోకి చూశాడు. తర్వాత, "అవునండీ, మాంసం కొట్టే. మంచి బేరగాడు మీ మేస్త్రీ," అని చెప్పి బల్ల చివర కూర్చున్నాడు. అబద్ధాన్ని అతను కూడా మోశాడు. మిలోయెకు ఆ దయ చెంపదెబ్బలా తగిలింది.

ఒగ్న్యెన్‌కు టీవీలో వచ్చే సబ్బు ప్రకటనంటే ఇష్టం. దాన్ని గొంతెత్తి చెప్పాడు. ఆపి, మళ్లీ మొదటినుంచీ చెప్పాడు. తల్లి వాడి పళ్లెంలో చేప ముళ్లు ఏరుతోంది. ద్రాష్కో మిలోయె వైపు వంగి, అందరికీ వినబడే రహస్యంలా అన్నాడు.

"ఇలాంటివాణ్ణి నలుగురిలోకి తెస్తారటయ్యా? ఇంట్లో పెట్టుకోక!"

మిలోయె నవ్వాడు. అదీ అతను చేసిన పని. బలవంతంగా నవ్వాడా, అలవాటు కొద్దీ నవ్వాడా అన్నది తర్వాత ఎంత తవ్వుకున్నా అతనికి తేలలేదు. నవ్విన మాట మాత్రం నిజం. బల్ల చివర తిహోమిర్ ఫోర్కు కింద పెట్టేశాడు. ఒగ్న్యెన్ తల్లి తలెత్తలేదు, ముళ్లు ఏరుతూనే ఉంది.

సరిగ్గా అప్పుడే మేడ మీద ధన్‌మని చప్పుడైంది. ఆగి మళ్లీ ధన్‌మంది. దీపం గొలుసు ఊగింది.

"పైన ఎవరున్నారు?" అన్నాడు ద్రాష్కో.

"పిల్లి," అన్నాడు మిలోయె.

చేపల పులుసు తెస్తున్న రద్మిలా గుమ్మంలోనే ఆగిపోయింది. గిన్నెను బల్ల మీద పెట్టి, చేతులు తుడుచుకుని, మొగుడి వంక చూసింది. ఆ చూపు తనమీద పడుతుందని తెలిసి అతను సీసా మూత బిగించే పనిలో పడ్డాడు.

మాట్లాడింది స్తానోయె. "పెద్దమ్మ ఇంటికి వెళ్లిందన్నావు, ఏటా సరేనన్నాను కూమా. నువ్వు అబద్ధం చెబుతావు, మేం నీ రాకియా తాగుతాం. నాకూ అదే సుఖంగా ఉంది, నీ ఒక్కడి తప్పేం కాదు. కానీ ఆ పిల్లకి బాప్తిస్మం ఇస్తుంటే ఎత్తుకున్న చేతులివి. నేనెప్పుడూ పిల్లిని ఎత్తుకోలేదు."

అందరూ పళ్లాల్లోకి చూస్తున్నారు. వీధిలో అందరికీ తెలుసునన్న సంగతి మిలోయెకు అప్పుడు తెలిసింది. ఇన్నేళ్లూ తను దాచింది పిల్లను కాదు, తన మొహాన్ని. అదీ దాగలేదు. సీసా బల్ల మీద పెట్టి మెట్లెక్కాడు. రద్మిలా వెనకాలే వచ్చింది.

గడియ తీశాడు. దూన్యా తలుపుకు ఎదురుగా నిలబడి ఉంది. దళసరి కోటు వేసుకుంది. జిప్పు గడ్డం దాకా లాగి ఉంది. తలమీద ఉన్ని టోపీ, కాళ్లకు మంచు బూట్లు. వెచ్చటి గదిలో నుదుట చెమటలు పట్టి, జుట్టు అంటుకుపోయింది.

"పొద్దున్నించీ రెండుసార్లు విప్పాను," అంది రద్మిలా. "ఫాదరు సాంబ్రాణి వాసన పైకి రాగానే వేసుకుంది. నేనటు వెళ్లగానే మళ్లీ వేసుకుంటోంది. బయల్దేరదీయడం లేదని గెంతుతోంది."

మిలోయెకు అర్థమైంది. ఆ పిల్లకు ఎవరూ ఏమీ నేర్పలేకపోయారని బాధపడేవాడు కదా, ఇది తనే నేర్పాడు. ఇంట్లో సాంబ్రాణి వాసన వస్తే, బల్ల మీద తెల్ల గుడ్డ పరిస్తే, మనం వెళ్లిపోవాలి. పండగంటే అదే. ఏడాదికోసారి చెప్పిన పాఠం, తప్పు లేకుండా నేర్చుకుంది.

దూన్యా అతన్ని దాటుకుని మెట్లు దిగింది. అతిథుల మధ్యనుంచి, ఎవరినీ చూడకుండా, నేరుగా వీధి తలుపు దగ్గరికి వెళ్లి, తలుపుకేసి ముఖం పెట్టి నిలబడింది. గొంతులో సన్నగా రాగం తీస్తోంది. ఒగ్న్యెన్ సబ్బు సంగతి ఆపేశాడు.

మిలోయె వెనకాలే దిగి వచ్చి, పిల్ల పక్కన మోకాళ్ల మీద కూర్చుని జిప్పు పట్టుకోబోయాడు. దూన్యా కీచుమని అరిచి వెనక్కి లాగేసుకుంది.

"విప్పకు తమ్ముడూ," తిహోమిర్ లేచి వచ్చాడు. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "దానికి నువ్వు సగమే నేర్పావు. వెళ్లడం నేర్పావు. ఆ సగం కానివ్వు, బయటికి తీసుకెళ్లు. ఆ తర్వాత మిగతా సగం నేర్పు. తిరిగి తీసుకురా."

స్లావా వత్తి వెలుగుతుండగా ఇంటి యజమాని గడప దాటడం ఆ వీధిలో ఎవరూ ఎరగరు. మిలోయె కోటైనా వేసుకోలేదు. వెళ్లబోతూ ఆగి, తలెత్తకుండానే తిహోమిర్‌తో, "నిన్ను మాంసం కొట్టాయనన్నాను," అన్నాడు.

"నాది మాంసం కొట్టే కదా," అన్నాడు తిహోమిర్. "నవ్వావు చూడూ, అది వేరే. దాని సంగతి బుధవారం మాట్లాడుకుందాం. వెళ్లు."

సెయింట్ నికోలా సగం ఊరికి ఇంటి సెయింటు. వీధి నిండా ఇంటింటికీ తిరిగే అతిథులు. మిలోయె చొక్కా మీదే, మంచులో, కూతురి చెయ్యి పట్టుకుని వీధి చివర దాకా నడిచాడు. అందరూ పలకరించారు. అందరికీ బదులు చెప్పాడు. చెప్పేటప్పుడల్లా చెయ్యి వదిలేయాలనిపించింది. వదల్లేదు గానీ, అనిపించిన మాట నిజం. అది తనకు తనే దాచుకోలేకపోయాడు. దూన్యా జగోర్కా కారు కోసం అటూ ఇటూ చూసింది. కారు రాలేదు. వీధి చివర అతను మెల్లగా వెనక్కి తిరిగాడు. పిల్ల కాసేపు మొరాయించి, తర్వాత తిరిగింది.

తన ఇంటి గంట తనే నొక్కాడు. రద్మిలా గోధుమల గిన్నెతో తలుపు తీసింది. దూన్యా ఆ గిన్నె వంక చాలాసేపు చూసింది. తన ఇంట్లో అలాంటిదొకటి ఉంటుందని ఆ పిల్లకు తెలియదు. ఎక్కణ్నించి వచ్చాడో ఒగ్న్యెన్ మధ్యలో దూరి ఒక చెంచా తినేశాడు. వాణ్ణి చూసి దూన్యా కూడా తింది.

లోపల స్తానోయె లేచి నిలబడ్డాడు, కొత్త అతిథి వస్తే లేచినట్టే. ఒకరొకరే అందరూ లేచారు. ద్రాష్కో కూడా లేచాడు, కళ్లు మాత్రం పళ్లెంలోనే ఉన్నాయి.

"దూన్యా," అన్నాడు మిలోయె. "మా అమ్మాయి." తొమ్మిదేళ్ల కూతుర్ని సొంత గుమ్మంలో నిలబెట్టి సొంతవాళ్లకు పరిచయం చేసుకోవలసి వచ్చింది అతనికి.

బల్ల దగ్గర కూర్చోబెడితే కూర్చుంది. చేప తినలేదు గానీ రొట్టె తింది. సాయంత్రం దాకా అతిథులు వస్తూ పోతూ ఉన్నారు. మిలోయె నిలబడే వడ్డించాడు, బల్ల చుట్టూ తిరిగినప్పుడల్లా ఒక్కదాన్నే చూశాడు. పిల్ల కోటు విప్పలేదు. టోపీ తీయలేదు. తలుపు చప్పుడైనప్పుడల్లా దిగబోయి, మళ్లీ కూర్చుంటోంది.

చివరి అతిథి వెళ్లాక మిలోయె వత్తిని వైనుతో ఆర్పి, ఆ రోజుకు మొదటిసారి కూర్చున్నాడు. కూతురికి ఎదురుగా.

"విప్పనా?" అంది రద్మిలా.

"వద్దు. ఉండొచ్చని దానికి అనిపించినప్పుడు అదే విప్పుకుంటుంది."

ముగ్గురూ కూర్చున్నారు. బల్ల మీద రొట్టె ముక్కలు ఆరిపోతున్నాయి. దూన్యా జిప్పు గడ్డం దాకా లాగి ఉంది. చూపు తలుపు మీద ఉంది. ఆ ముఖంలోకి చూడటానికి మిలోయెకు తల పైకి రాలేదు.