అత్త నన్ను ఎండబెట్టిన రోజులు

నాతో వాదించి గెలిచినవాళ్ళు అనకాపల్లిలో తక్కువ. బెల్లం కొట్టాయన దగ్గర్నుంచి కాలేజీ ప్రిన్సిపాల్ దాకా ఎవర్నీ వదిలిపెట్టలేదు. అలాంటిదాన్ని, ఒక్క మాట మాత్రం నోరెత్తకుండా నమ్మాను. అది మా అత్తది.

"ఎండ తగిల్తే వేడి సేత్తాది. వేడి సేత్తే కడుపు నిలబడదు."

మొదటిసారి ఐవీఎఫ్ ఫెయిలైనప్పుడు అందామాట. బుచ్చయ్యపేట దగ్గర చెరుకు తోటల్లో నడినెత్తి ఎండలో పనిచేస్తూ నలుగుర్ని కన్న మనిషి. ఆ సంగతి అప్పుడు నాకు తట్టలేదు. తట్టుంటే అడిగేదాన్నే. పిల్లల కోసం మొహం వాచిపోయినప్పుడు చదువు ఏ మూలకీ రాదు. స్కూటీ ఎక్కితే చేతులకి గ్లవ్స్, మొహానికి స్కార్ఫు. నడిస్తే గొడుగు. డాబా మీద బట్టలు కూడా అత్తే ఆరేసేది.

రెండోసారీ పోయింది. ఫ్రీజర్‌లో ఆస్పత్రివాళ్ళు దాచిన పిండాల్లో ఒక్క ఎంబ్రియో మిగిలింది. నాకు ముప్పై తొమ్మిది. మళ్ళీ మొదట్నుంచి ఇంజెక్షన్లు పొడిపించుకునే ఓపిక నాకు లేదు. ఉన్నది ఇదొక్కటే.

విశాఖలో కొత్త డాక్టరమ్మ రక్తపరీక్షల్లో విటమిన్ డి కూడా రాసింది. రిపోర్టు చూసి, "బాగా తక్కువుంది," అంది.

"ఎండలకి మాడిపోయే ఊరండీ మాది. మీ మిషనే తప్పు చూపించుంటుంది," అన్నాను.

"ఎండ ఊళ్ళో ఉంటే చాలదమ్మా, మీ ఒంటి మీద పడాలి. రోజూ ఎంతసేపు బయటుంటారు?"

ఒళ్ళో ఉన్న గొడుగుని కుర్చీ కిందకి నెట్టాను. పక్కన అత్త మొహం పాలిపోయింది.

"అయితే ఆ రెండూ నా వల్లే పోయేయా అమ్మా?" అనడిగింది.

"అలా చెప్పలేం. దీనివల్లే పోయాయనీ చెప్పలేను, ఇది సరైతే నిలుస్తుందనీ మాటివ్వలేను. ఈ విషయం ఇంకా తేలలేదు. కానీ లోపం కనబడ్డాక సరిచేసుకోవాలి కదా."

వారానికో ప్యాకెట్టు విటమిన్ పొడి పాలల్లో కలుపుకుని తాగమంది. కాసేపు ఎండలో కూర్చోమంది. పొడి సంగతి నేను చూసుకున్నాను. ఎండ సంగతి అత్త పట్టుకుంది. పది గంటలకల్లా డాబా మీద చాప వేసి, నా జాకెట్టు చేతులు పైకి మడిచి కూర్చోబెట్టి, తను నీళ్ళ ట్యాంకు నీడలో కాపలా కాసేది. ఎదురు డాబా మీద ఒడియాలు పెడుతున్నావిడ ఓ రోజు ఉండబట్టలేకపోయింది.

"ఏటొదినా, కోడల్ని ఎండబెడతన్నావు?"

"నీ ఒడియాలు నువ్వెండబెట్టుకో. నా కోడల్ని నేనెండబెట్టుకుంతన్నాను."

"నల్లగైపోద్ది!"

"అయితే నీకేటి? నీ కొడుక్కిచ్చి సెయ్యమన్నానేటి?"

మూడేళ్ళలో నేనంతగా నవ్వింది ఆ పూటే.

కొన్ని నెలలకి రిపోర్టు బాగుపడింది. ఆ ఒక్క ఎంబ్రియో పెట్టారు. నిలిచింది.

బారసాల రోజు అత్త చుట్టాలందరికీ ఒకటే చెప్పింది, "ఎండ సలవే ఈ పిల్ల." అందరూ భోజనాలకి లేచాక వంటింట్లో నా పక్కన చేరి గొంతు తగ్గించింది.

"ఎండకే ఇది నిలిచిందంటే, ముందు రెండింటినీ నేనే సంపేసేనన్నమాటేగా."

అన్ని నెలలూ ఆ మాట కడుపులో పెట్టుకునే నాతో డాబా మెట్లెక్కింది.

"ఎండకే నిలిచిందని డాక్టరమ్మ చెప్పిందా?" అన్నాను.

"నేదు."

"నీ వల్ల పోయాయని చెప్పిందా?"

"నేదు."

"అంత చదివినావిడే తెలీదంటుంటే నీకెలా తెలిసిందత్తా? ఎక్కడ చదివేవు?"

"నువ్వు నోరున్నదానివి. నీతో నేను గెలవలేను."

"గెలవకు. ఈ ఒక్కసారికి ఓడిపో."

కొంగుతో మొహం తుడుచుకుని, బిడ్డని నా చేతుల్లోంచి తీసుకుంది. ఇప్పటికీ ఆ డాక్టరమ్మని తలచుకుని దండం పెట్టుకుంటాను. బిడ్డ కోసమే కాదు. తెలీనిది తెలీదని చెప్పినందుకు. ఆవిడ తెలుసని చెప్పుంటే, ఆ రోజు మా అత్తతో వాదించడానికి నా దగ్గర ఒక్క మాట ఉండేది కాదు.