వెనక్కి వచ్చే పడవ

మాస్టారు పోయారు. గుడివాడలో నా స్టూడియోలో ఎవరిదో పెళ్లి వీడియో ఎడిట్ చేస్తుంటే, బందరు నుంచి వాళ్లావిడ ఫోన్ చేసి "మీ మాస్టారు ఇంక లేరమ్మా" అన్నారు. తెర మీద వధూవరులు తలంబ్రాలు పోసుకుంటున్నారు. ఆపుదామంటే చెయ్యి రాలేదు.

హైస్కూల్లో ఆయన మాకు డ్రాయింగ్ చెప్పారు. సాయంత్రాలు ఇంటి వెనక షెడ్డులో రాగిరేకు కొలిమిలో కాల్చి, కొట్టి శిల్పాలు చేసేవారు. తర్వాత్తర్వాత వాటి లోపల చిన్న తెరలు బిగించి వీడియోలు నడపడం మొదలెట్టారు. "మాస్టారు టీవీలకి నగలు చేయిస్తున్నారు" అని కవరింగ్ నగల షాపులవాళ్లు నవ్వుకునేవాళ్లు. పెద్ద ఊళ్లలో ప్రదర్శనలకి పిలిచారు గానీ, ఆయన లుంగీకి కాలిన చిల్లులు తప్పలేదు. వీడియో పని పడినప్పుడల్లా నన్ను రమ్మనేవారు. "పెళ్లికూతురి మీద ఆ గులాబీల వానేమిటే, పాపం తడిసిపోదూ!" అని ముందు ఏడిపించి, ఆ తర్వాతే కాఫీ ఇప్పించేవారు.

"రేకు మీద కొట్టిన ప్రతి దెబ్బా కనబడుతుంది. వీడియోలో ఎక్కడ కోశామో కనబడదు. అందుకే కొయ్యడానికి భయపడాలి" అనేవారు. నిజంగానే భయపడేవారు. షూటింగులో కుక్క అడ్డొస్తే ఆ కుక్క ఉండాల్సిందే.

అలాంటి మనిషి ఒక్కసారి అబద్ధమాడారు.

మంగినపూడి ఒడ్డున ఓ తెల్లవారుజామున వేటకెళ్లే పడవని వీడియో తీశారు. రాగితో పడవ చేసి, దాని అడుగున ఆ దృశ్యం నడపాలని ఆయన ఆలోచన. పడవ తోస్తున్న కుర్రాడు ఒకసారి వెనక్కి తిరిగి నవ్వాడు. ఆ పడవ మళ్లీ రాలేదు. శవం కూడా దొరక్క, ఇంట్లోవాళ్లు దర్భబొమ్మ చేసి కాల్చారు. మాస్టారు అప్పటికే చేసిన రాగి పడవ మీద గోనెపట్టా కప్పేసి మూలకి నెట్టేశారు.

కొన్నాళ్లకి ఆ కుర్రాడి తల్లి నూకాలమ్మ చేపల తట్టతో వచ్చింది. నేనక్కడే ఉన్నాను.

"మావోడు మీ దాంట్లో ఉన్నాడంట గదండీ. సూపించండి."

చూసింది. పడవ అలల్లోకి వెళ్తుంటే తెరకి చెయ్యి అడ్డం పెట్టింది.

"ఎల్లనివ్వకండి మాస్టారూ. ఎనక్కి తిప్పండి."

నాకది ఒక్క క్లిక్కు పని. ఆయనకి కాదు. చేతిలో సుత్తి పక్కన పెట్టి, నాతో "తిప్పమ్మా" అని గోడకేసి తిరిగారు.

అప్పట్నుంచి రాగి పడవ అడుగున ఆ కుర్రాడు పడవ తోస్తాడు, నవ్వుతాడు, అలల దాకా వెళ్లి వెనక్కి వస్తాడు. చేపలు అమ్ముకుని నూకాలమ్మ వచ్చి కాసేపు కూర్చునేది. కరెంటు పోతే పడవ ఆగిపోతుందని మాస్టారు ఇన్వర్టర్ పెట్టించారు. దాన్ని ఏ ప్రదర్శనకీ పంపలేదు. ఏళ్ల తరబడి మింగిన పొగకి ఊపిరితిత్తులు పాడై మంచం పట్టాక కూడా, "పడవ నడుస్తోందా?" అని అడిగేవారట.

ఫోన్ రాగానే బందరు వెళ్లాను. మాస్టారిని శ్మశానానికి తీసుకెళ్లాక ఆడవాళ్లం ఇంట్లో మిగిలాం. నూకాలమ్మ తట్ట లేకుండా వచ్చి, తిన్నగా షెడ్డులోకి వెళ్లింది. వెనకే వెళ్లాను.

"నేను చూసుకుంటాలే పిన్నీ. దీన్ని ఆగనివ్వను" అన్నాను.

తల అడ్డంగా ఊపింది. "వద్దమ్మా. ఎన్నాళ్లని ఆడి సేత తోయిత్తాం? అలిసిపోయుంటాడు. ఎల్లనీ."

ఇంత పని నాకొదిలేసి పోయినందుకు మాస్టారి మీద కోపమొచ్చింది, ఏడుపూ వచ్చింది. కొయ్యడానికి భయపడటం నేర్పింది ఆయనే. ఆయన కంప్యూటర్ ముందు కూర్చుని, వెనక్కి వచ్చే ముక్క తీసేసి, ఆయన తీసింది తీసినట్టు పెట్టాను.

పడవ అలలు దాటింది. చిన్నదైంది. కనబడకుండా పోయింది. ఆ తర్వాత కూడా మాస్టారు కెమెరా ఆపలేదు. రాగి పడవ అడుగున ఉత్త సముద్రం కదులుతోంది. ఆ నీళ్ల వెలుతురు చుట్టూ ఉన్న సుత్తిదెబ్బల మీద, ఒక్కొక్కదాని మీదా పడుతోంది. నూకాలమ్మ ఈసారి చెయ్యి అడ్డం పెట్టలేదు.