అమ్మ మల్లె, అత్తమ్మ ఎరువు

మల్లె ఆకులు పసుపుబారి రాలుతుంటే నీళ్లు చాలడం లేదేమో అనుకున్నాను. పోశాను. ఇంకా వాడింది. చివరికి కుండీ అంచున మట్టిని పాత చెంచాతో గీరితే లోపలి నుంచి తెల్లటి పురుగు ఒకటి దొర్లి బయటపడింది. నా చిటికెన వేలంత లావు. కొడవలిలా వంకర తిరిగిన ఒళ్లు, గోధుమరంగు తల. తోక వైపు పలచటి చర్మంలోంచి అది తిన్నదంతా నల్లగా కనిపిస్తోంది. చెంచా అక్కడే పారేసి డాబా మెట్లు దిగాను.

మా ఆయన నవ్వాడు. "పామును జూసినట్టు గట్ల ఉరికొస్తున్నవేంది?"

పామే నయం. మనిషి అలికిడి వింటే దాని దారిన అది పోతుంది. ఇది నా మల్లె వేళ్లలో పడుకుని తింటోంది.

ఆ మల్లెను మా అమ్మ కొమ్మకు వేరు పట్టించి ఇచ్చింది. అమ్మ పోయాక ఆమె చేతిది నా దగ్గర ప్రాణంతో మిగిలింది అదొక్కటే. నల్లగొండలో కిరాయి ఇల్లు మారిన ప్రతిసారీ ఆ కుండీని ఒళ్లో పెట్టుకునే ఆటో ఎక్కాను.

అందుకే మర్నాడు చేతులకు పాలిథిన్ కవర్లు కట్టుకుని, ముక్కుకు కొంగు చుట్టుకుని కుండీని బోర్లించాను. ఎక్కడ చూసినా అవే. సబ్బునీళ్ల బకెట్లో వేస్తే మునిగి కూడా మెలికలు తిరిగాయి. వేళ్లను నల్లా కింద కడిగి, కొత్త ఎర్రమట్టిలో వేపపిండి, అత్తమ్మ ఊరి నుంచి తెచ్చిన ఎరువు, కంపుకు మొహం పక్కకు తిప్పుకుని, కలిపి మళ్లీ నాటాను. చిగురు వేసింది. కొన్నాళ్లకు మళ్లీ ఆకులు పసుపుబారాయి. గీరితే మళ్లీ అదే దరిద్రం. మళ్లీ కడిగాను, మళ్లీ నాటాను. అన్నంలో మెతుకు కాస్త లావుగా కనిపించినా నాకు ముద్ద దిగేది కాదు. సేమ్యా వండటమే మానేశాను.

అత్తమ్మది రామన్నపేట దగ్గర పల్లె. జిల్లాలు విడిపోయాక ఆ ఊరు వేరే జిల్లాకు పోయింది కానీ, ఎరువు మాత్రం మా డాబా మీదికే వచ్చేది. వచ్చినప్పుడల్లా తమ పెంటకుప్పలోంచి తవ్వి యూరియా సంచిలో నింపుకొచ్చేది. బస్సులో పక్కవాళ్లు ముక్కు మూసుకున్నా ఆమెకు పట్టదు. కొడుకింటికి ఒట్టి చేతులతో రావడం ఆమెకు నామోషీ.

ఆసారీ సంచి దించి, వాడిన చెట్టును చూసింది. "బలం సాలక గట్లయింది బిడ్డా. జర ఎరువెయ్యి, గదే లేస్తది" అంటూ సంచిలో చెయ్యి పెట్టి గుప్పెడు తీసింది. ఆమె వేళ్ల సందున తెల్లగా ఏదో కదిలింది.

నేను సంచి లాక్కుని డాబా మీద గుమ్మరించాను. సగమే మాగిన పేడ, దాని నిండా పురుగులు. ఎండ తగలగానే అన్నీ లోపలికి దూరడం మొదలుపెట్టాయి. ఇన్నాళ్లూ మట్టి మార్చి మార్చి, మళ్లీ వీటినే నా చేత్తో కుండీలో పోస్తున్నానన్నమాట. మోరీ దగ్గరికి పరుగెత్తి కక్కుకున్నాను.

"గివి పెంటల ఎప్పుడూ ఉంటయి. చేన్ల ఏస్తే దున్నంగ కొంగలు, కాకులు ఏరుకతింటయి. గీటికి ఫికరెందుకు?" అంది అత్తమ్మ.

చేలో కొంగలుంటాయి. కుండీలో ఏముంది, నా మల్లె తప్ప? ఆ మాటే అరిచి, మల్లె కాడను పట్టి లాగాను. ఒట్టి పుల్లలా చేతిలోకి వచ్చేసింది. అడుగున ఒక్క వేరు లేదు.

అత్తమ్మ దాన్ని అందుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. అది ఎవరిచ్చిందో ఆమెకు తెలుసు.

"మీ అమ్మ చెట్టును నేనే తిన్నట్టయింది బిడ్డా."

నేను ఆమె చేతిలోంచి ఆ పుల్లను తీసుకుని మెట్లు దిగాను.

చేతులు సబ్బుతో తోముకుని వచ్చి ఆ పూట ఆమే అన్నం వడ్డించింది. నేను కంచం పక్కకు జరిపాను.

"పురుగులే కండ్లల్ల మెదులుతున్నయి అత్తమ్మా" అన్నాను.

ఆమె నమ్మలేదు. తన మీది కోపమే అనుకుంది.