చలికాలం నీళ్లు ఆడవాళ్లవి

బొంబాయిలో ఫాక్‌లాండ్ రోడ్డు మలుపులో పంక్చర్లు వేసే దుకాణం ముందు వేలాడదీసిన పాత లారీ ట్యూబుల నుంచి, ఎండ ముదిరే వేళకు, కాలీ కాలనట్టు ఒక రబ్బరు వాసన వస్తుంది. మొన్నొక రోజు కొత్తిమీర కట్ట కోసం సగం బజారు తిరిగి, లోకాన్ని జయించిన ముఖంతో ఇంటికి పోతూ ఆ వాసన దగ్గర ఆగిపోయాను. నా చిన్నతనంలో మా గల్లీ మగపిల్లలకు మే నెల అంటే ఆ వాసనే. ఈతకు ట్యూబు భుజానికి తగిలించుకుని రైలెక్కి, కర్జత్‌లో దిగి, అక్కడి నుంచి బస్సులో ఘాటెక్కి, కొండల మధ్య ఉన్న చెరువుకు పోయేవాళ్లు. చెరువు పక్కన ఒక సేటు బంగళాలో మా మేనమామ తోటమాలి. అందుకని ఆ నీళ్లన్నీ మా ఇంటివే అన్నట్టు మాట్లాడేవాళ్లం.

కామాటిపురలో మా చాల్‌కు, ఆ వరుసగదుల మేడకు, అంతస్తుకొక నల్లా. తెల్లవారకముందే వచ్చి, పాలవాడు వచ్చేలోపు పోయేది. ఒక బకెట్ నీళ్లతో అన్నా నేనూ స్నానం చేస్తే, మిగిలిన సబ్బునీళ్లతో అమ్మ గదుల ముందున్న గ్యాలరీ కడిగేది. అలాంటి ఇంటిదాన్ని మొదటిసారి ఆ చెరువు గట్టు మీద నిలబెడితే, ఇన్ని నీళ్లు ఎవరివని అడిగానట. అమ్మ ఆ మాట చెప్పి చెప్పి నవ్వేది. నవ్వవలసిన ప్రశ్న కాదని నాకు తర్వాత తెలిసింది.

చిన్నపిల్లగా ఉన్నన్నాళ్లూ నన్నూ వేసవిలోనే తీసుకుపోయేవాళ్లు. అప్పటికి చెరువు తగ్గిపోయి, నాచు ఎండిన రాతిమెట్లు అడుగుదాకా బయటపడి ఉండేవి. మధ్యాహ్నానికి పైనీళ్లు పొయ్యి మీంచి దించి మరిచిపోయిన గంజిలా నులివెచ్చగా, నడుము కిందికి వచ్చేసరికి కుండనీళ్లలా చల్లగా, ఒక్క ఒంటికే రెండు కాలాలు తగిలేవి. మామిడిరసం మూతులతో దిగి, వేళ్లు ముడతలు పడేదాకా నానేవాళ్లం. వానలు పడితే కొండల మీంచి ఎర్రమట్టి దిగి చెరువంతా చాయ్ రంగుకు మారేది, మామ తన గేదెను కూడా అటు పోనిచ్చేవాడు కాదు. దీపావళికి నీళ్లు తేటపడి, ఎండ తగిలిన చోట ఇంకా వెచ్చగా ఉండేవి కాబట్టి మగవాళ్లు మరోసారి వచ్చి ఆ వెచ్చదనం కూడా ముగించి పోయేవాళ్లు. ఆ తర్వాత చలి. పొద్దున్నే నీటి మీంచి పొగ లేచేది, కాలివేలు ముంచితే తలదాకా జివ్వుమనేది. ఆ నీళ్లు ఎవరికీ అక్కర్లేదు.

నేను పెద్దమనిషినైన ఏడు, అన్న చెరువుకు సంచీ సర్దుకుంటుంటే నా పాత లంగా కూడా అందులో పెట్టాను. అమ్మ తీసేసింది. ఇక నీళ్ల జోలికి పోవద్దు, ఏ కాలంలోనూ వద్దు, అది నాయిన మాట అంది. నాయినకు ఫోరస్ రోడ్డులో అల్యూమినియం గిన్నెల దుకాణం. ఆ గల్లాపెట్టె పక్కన కూర్చుని ఎక్కాలు నేర్చుకున్నదాన్ని, మొదటి మాటకే వెనక్కి తగ్గుతానా? రోజంతా ఈదుతానని మొదలుపెట్టి, పొద్దున పూట చాలన్నాను. అదీ కుదరక, మెట్ల మీద కూర్చుని కాళ్లు తడుపుకుంటానన్నాను. అలిగి అన్నం మానేశాను, ఆకలికి ఆగలేక సాయంత్రం నేనే వడ్డించుకున్నాను. మే పోయింది, వానలు పోయాయి. దసరా ముందు నాయిన ఒక పెద్ద నిట్టూర్పు విడిచి, నిండా మునిగినవాడిలా తల పట్టుకుని ఒప్పుకున్నాడు.

“సరే బిడ్డా, గెల్చినవ్. చలికాలం మీ ఆడోళ్లు అనపకాయలు తెంప పోతరు గద, అప్పుడు దిగు. మొగోళ్లెవ్వరు ఉండరు.”

గ్యాలరీ ఈ చివర నుంచి ఆ చివరదాకా చెప్పుకుని తిరిగాను.

అలా కొన్నేళ్లు చలికాలం నాదయింది. మామ తోటలో అనపకాయలు కోయడానికి పోయిన ఆడవాళ్లమంతా పొద్దు పొడవకముందే చెరువుకు పోయేవాళ్లం. ఆ వేళప్పుడు గాలి కంటే నీళ్లే నయం, మెడదాకా మునిగేదాకానే బాధ, మునిగాక బయటికి రావడమే బాధ. లంగా ఛాతీ మీదికి కట్టుకుని దిగితే గాలి పట్టి బుడగలా ఉబ్బి మమ్మల్ని తేల్చేది. పళ్లు టకటకలాడుతూ ఒడ్డుకు వస్తే, అత్తమ్మ మంట పక్కన కూర్చోబెట్టి సజ్జరొట్టె, వేడివేడి అనపగుడాలు చేతిలో పెట్టేది. ఈ నీళ్లే అసలు నీళ్లు, మేలో దిగేవాళ్లు ముసలోళ్లు అని అన్నను ఏడిపించేదాన్ని. నిజంగా నమ్మే అనేదాన్ని.

నా పెళ్లికి ముందు నాయినకు నడుము పట్టేస్తే సాయానికి దుకాణంలో కూర్చున్నాను. ఒకావిడ అన్నం గిన్నె ఒకటి పట్టుకుని వదలడం లేదు. నాయిన ఆకాశమంత ధర చెప్పాడు, పిల్లల మీద ఒట్టేశాడు, ఆమె లేచి పోబోతే వెనక్కి పిలిచాడు, చివరికి పెద్ద నిట్టూర్పు విడిచి తల పట్టుకున్నాడు. ఆ నిట్టూర్పు నాకు తెలుసు. ఆమె గిన్నెను చంకలో పెట్టుకుని, యుద్ధం గెలిచి పోయినట్టు పోయింది. నాయిన ముఖం తుడుచుకుని, మనం ముందే అనుకున్న ధరకే ఇచ్చామని, కొన్నవాళ్లు గెలిచామనుకుని పోతేనే మళ్లీ వస్తారని నాకు వ్యాపారం నేర్పాడు.

“చలికాలం నీళ్లు కూడ గట్లనేనా నాయినా?” అన్నాను.

ఆయన నవ్వాడు. “మల్ల? ఆ చలిల ఎవడు దిగుతడు బిడ్డా? ఎవ్వనికి అక్కర లేనిదే గద ఇచ్చిన.”

ఆ గొంతులో దాపరికం ఏమీ లేదు. పిల్లకు పని వచ్చిందన్న మురిపెం ఉంది. అందుకే ఆ దెబ్బ ఇంకా మానలేదు. మిగిలిపోయిన సరుకు అంటగట్టించుకుని, దానికి గొప్ప పేరు పెట్టుకుని, వీధంతా ఊరేగించుకున్నది నేనే. ఇప్పటికీ దాదర్ మార్కెట్లో వంకాయలు సగానికి దింపించి నాలుగడుగులు వేశాక వెనక్కి తిరిగి చూస్తాను. అమ్మినవాడు నవ్వుతుంటే ఆ పూట కూర సహించదు.

పోయిన మేలో అన్న ఆ చెరువు చూడాలన్నాడు. మోకాళ్లు పోయాయి, నీళ్లలో దిగితే తేలికవుతాయని ఆశ. వాళ్లబ్బాయి కారులో తీసుకుపోయాడు. మామ లేడు, అనపపాదులున్న చోట కార్లు నిలుపుతున్నారు, రాతిమెట్ల మీద సిమెంటు పోశారు. చెరువు చుట్టూ ఇనుప కంచె, గేటు దగ్గర ఒక వాచ్‌మన్ కుర్రాడు. మా మాటలు విని, తనది పాలమూరు పక్కనని తెలుగులోనే చెప్పాడు. దిగనియ్యనన్నది కూడా తెలుగులోనే చెప్పాడు.

“మేం చిన్నప్పటి సంది ఈడనే ఈత కొట్టినం,” అన్నాడు అన్న.

“ఎవ్వరికి లేదు పెద్దయ్యా. ఏ కాలంల లేదు.”

అన్న గేటు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఆ మాట ఆయన జీవితంలో మొదటిసారి వింటున్నాడు. కోపం కూడా సరిగ్గా రాలేదు. నా వైపు తిరిగి, “నువ్వడుగు చెల్లె, నీ మాటైతే ఇంటడు,” అన్నాడు.

కుర్రాడు నన్నే చూస్తున్నాడు. బేరంలో ఎదుటివాడు దిగిరావడానికి సిద్ధంగా ఉన్నాడో లేదో ముఖం చూసి చెప్పగలను. వీడు సిద్ధంగానే ఉన్నాడు. కంచె అవతల నీళ్లు ఎండకు కదలకుండా ఉన్నాయి, పైన వెచ్చగా, కింద చల్లగా ఉండి ఉంటాయి.

“ఎండ మస్తుగ ఉంది, పోదాం పా అన్నా,” అన్నాను.