మంచి వైపు మామ్మగారికి

నా చిన్నప్పుడు, లోకమంతా కరోనాకు జడిసి తలుపులు వేసుకున్న రోజుల్లో, మేము ఐర్లాండ్‌లో, డబ్లిన్ శివారు టాలట్ దగ్గర ఒక పాత ఇల్లు కొనుక్కుని ఉండేవాళ్ళం. అమ్మ ఆసుపత్రిలో నర్సు. నాన్నది ఇంట్లోంచే కంప్యూటరు ఉద్యోగం. తోబుట్టువులు లేరు, బడి మూసేశారు. నాకున్నదల్లా బూరె. గుండ్రంగా, గోధుమరంగులో ఉండే ఆ కుక్కపిల్లకు పేరు పెట్టింది నాన్నే.

మా పెరటి కంచె కింది చెక్కలు వానలకు పుచ్చిపోయి ముట్టుకుంటే రాలిపోయేవి. బూరె అలా పడ్డ కంతలోంచి రోజూ పక్కింటి మామ్మగారి పూలపాదుల్లోకి దూరేది. ఆవిడ ఐరిష్ ఆవిడ, ఒంటరి మనిషి. పెద్దవాళ్ళు గడప దాటకూడదన్న రోజులు కనక పొద్దస్తమానం వెనక కిటికీ దగ్గరే కూర్చునేది. బూరెను చూసి, ఫరవాలేదన్నట్టు "గ్రాండ్, గ్రాండ్" అని చెయ్యూపేదే తప్ప విసుక్కునేది కాదు. ఒకరోజు మాత్రం దాన్ని తోలబోయి తడిగడ్డి మీద జారిపడింది. ఎముక విరగలేదు గానీ, వేరే చోట ఉండే ఆవిడ కొడుకు ఫోన్ చేసి, ఆ కుక్క ఇంకోసారి అటు వస్తే కుక్కల్ని పట్టుకెళ్ళే వార్డెన్‌కు పట్టిస్తానన్నాడు. నాకు అన్నం సయించలేదు.

నాన్న చెక్కలు తెప్పించి, శనివారమంతా చెమటోడ్చి కొత్త కంచె నిలబెట్టాడు. ఆయన సుత్తి పట్టడం అదే మొదలు. నునుపైన ముఖం మా పెరటి వైపు, అడ్డకర్రలూ మేకుల మొనలూ మామ్మగారి వైపు. ఆయనకది తప్పని తోచలేదు. గుంటూరులో మా ప్రహరీకి కూడా మా వైపే సిమెంటు పూత, అవతలి వైపు ఉత్త ఇటుకలే. అక్కడ అందరూ అంతే, ఎవరి వైపు వాళ్ళు చూసుకుంటారు.

ఆదివారం పొద్దున అమ్మ రాత్రి డ్యూటీ దిగి వచ్చింది. స్టూలెక్కి కంచె అవతలికి తొంగిచూసి, బాగా కట్టారు గానీ, నునుపు ముఖం మామ్మగారి వైపు ఉండేలా చెక్కలు తిప్పి కొట్టాలంది. నాన్నకు ఒళ్ళు మండింది. కర్రలు ఇటుంటే కుక్క వాటి మీద కాళ్ళేసి ఎక్కి దూకుతుందన్నాడు. అసలు చెక్కలు ఊడదీస్తే పెరడు మళ్ళీ బార్లా తెరిచినట్టే. నేను ఏడుపు మొహంతో, అలవాటైన ఇంగ్లీషులోనే, "హీ విల్ గెట్ అవుట్, మామ్" అన్నాను.

అమ్మ మొహం మీద మాస్కు గీతలు ఇంకా పోలేదు. "మనకి డ్యూటీ ఉంది, బయట తిరగడానికి రోడ్డు ఉంది. ఆవిడకి ఆ కిటికీ తప్ప ఏముందండీ? రోజంతా ఈ మేకులు చూస్తా కూర్చోవాలా?" అంది.

నాన్న లోపలికెళ్ళి సుత్తి తెచ్చాడు.

మామ్మగారిని ఫోన్లో అడిగి అటువైపు దిగారు. అమ్మ నిద్ర మానుకుని చెక్కలు పట్టుకుంటే నాన్న ఒక్కొక్కటీ ఊడదీసి తిప్పి బిగించాడు. నా పని బూరెను పట్టుకోవడం. పట్టీ చేతికి చుట్టుకుని కూర్చున్నాను. ఒకసారి అది లాగిన లాగుడికి బోర్లా పడ్డాను గానీ వదల్లేదు. చివర్లో నాన్న, అది ఎక్కకుండా, మా వైపు కర్రల మీద ఇనుప వల కొట్టాడు. దాంతో మా వైపు మరీ అందవికారంగా తయారైంది. కోళ్ళగూడులా ఉందని ఆయనే నవ్వాడు.

మర్నాడు మామ్మగారు తన పెరట్లోకి కుంటుకుంటూ వచ్చి ఆ నునుపు చెక్కల మీద చెయ్యి వేసి నిలబడింది. ఈ ఇంట్లోనే ముసలిదాన్నయ్యాను గానీ, నా వైపు మంచి ముఖం పెట్టినవాళ్ళు మీరేనంది. కొడుక్కి ఫోన్ చేసి ఒకటే మాట చెప్పిందట: "ఆ కుక్క జోలికి పోకు. అది మా వాళ్ళ కుక్క." అమ్మ లోపలికెళ్ళి కళ్ళు తుడుచుకుంది. ఆ కోళ్ళగూడు కంచె ముందు నిలబడి, నేను వీళ్ళ పిల్లనని నాకు ఎంత గర్వమనిపించిందో చెప్పలేను.

ఇప్పుడు నా జుట్టు నెరిసింది. అమ్మానాన్నలు ఎలాంటివాళ్ళని మనవలు అడిగితే ముందు ఈ సంగతే చెబుతాను. ఏ పని ముగించినా ఒకసారి అవతలి మనిషి నిలబడే చోటికి వెళ్ళి చూసి వస్తాను. మంచి ముఖం నా వైపే ఉందనిపిస్తే, ఎంత అలసిపోయి ఉన్నా, ఊడదీసి తిప్పి బిగిస్తాను.